కంద మడిలో కన్నాలు

మా ఇల్లు తణుకు ఊరి చివర, పంట కాలువకి ఇవతల ఉంటుంది. పెరటి గోడ దాటితే వరిచేలే. ఆ ఇంట్లో మా అక్కా నేనూ ఇద్దరమే ఉంటాం. నా భర్త పోయి చాలా ఏళ్ళయింది. నేను ఒక కాలేజీ ఆఫీసులో క్లర్కుగా పని చేస్తున్నాను. అక్క పెళ్ళి చేసుకోలేదు. మిషన్ బడిలో పాఠాలు చెబుతూ, ఆ బడి ఆడపిల్లల హాస్టలు కూడా చూసుకుంటూ అక్కడే రిటైరైంది. మా ఇద్దరికీ వయసులో బాగా తేడా. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. నాకు జడలు వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ, బైబిలు వాక్యం చదవడం నేర్పిందీ అక్కే.

హాస్టల్లో చోటు లేదని అక్క ఎవరినీ వెనక్కి పంపడం నేను చూడలేదు. బళ్ళు తెరిచే రోజుల్లో ఎవరో ఒక తల్లి పిల్లని వెంటబెట్టుకుని, రేకు పెట్టె మోసుకుని వచ్చి వరండాలో నిలబడేది. మంచాలు అయిపోయాయని చెప్పాల్సిన మనిషి అక్క. ఆ మాట చెప్పలేక తన గదిలోనే చాప పరిచేది. పెరటి సంగతి చెప్పబోతూ ఇది ఎందుకు చెబుతున్నానంటే, అక్కడ ఆమె చేసినదంతా ఆ స్వభావంతోనే చేసింది.

రిటైరయ్యాక అక్కకి పెరడే లోకమైంది. గోడ వారన కంద, నీళ్ళు పారే చోట చేమ, జామచెట్టు నీడన పసుపు, పందిరి మీద బీర. కాలేజీ నుంచి నేను వచ్చేసరికి చేతులనిండా మట్టితో ఉండేది. చెప్పులు వేసుకునేది కాదు. "బురదలో దిగబడిపోతాయే, వాటిని పీక్కోడానికే సరిపోద్ది" అనేది.

ఆ ఏడు వానాకాలం సార్వా ఊడ్పులకి చేలకి నీళ్ళు పెట్టారు. ఒకరోజు పొద్దున నేను ఆఫీసుకి తయారవుతుంటే అక్క పెరట్లోంచి పిలిచింది.

"ఇలా రావే ఒకసారి."

వెళ్ళి చూస్తే కంద మడిలో ఒక మొక్క పక్కకి ఒరిగి ఉంది. ఆకు ఇంకా పచ్చగానే ఉంది. అక్క కాడ పట్టుకుని లేపితే మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది. కింద దుంప లేదు. అడుగునుంచి తొలుచుకుంటూ తినేసి, పైన తొక్క మాత్రం చిప్పలా వదిలేసింది ఏదో జంతువు.

"ఎన్నాళ్ళ నుంచి తింటోందో. పైకి ఏమీ తెలీలేదు చూడు" అంది అక్క. ఆమెకి కోపం వచ్చినట్టు లేదు. పిల్లలు చేసిన తప్పుని పరిశీలించే టీచరులా మోకాళ్ళ మీద కూర్చుని ఆ గుంతలోకి చూస్తోంది.

ఆ వారంలో పెరడంతా కన్నాలు కనిపించాయి. కొన్ని చేమ దగ్గర, కొన్ని గోడ మొదట్లో, స్నానాల గది తూము పక్కన ఒకటి. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి, "పామేనండి టీచరుగారూ, అనుమానం లేదు. ఎప్పుడో ఒకసారి నేను చూశాను కూడాను" అంది. ఆవిడ పాలు పోస్తానంటే అక్క కాదనలేదు. ఆవిడ వచ్చి, మా గోడ మొదట్లో ఉన్న పెద్ద కన్నం దగ్గర పసుపు చల్లి, చిన్న గ్లాసుడు పాలు పోసి దణ్ణం పెట్టుకుంది. అక్క పక్కనే చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడింది. మర్నాటికి ఆ పసుపు మీద కొత్తమట్టి కుప్పగా పడి ఉంది.

"పాము మట్టి తవ్వదే" అంది అక్క నాతో. "పాముకి గోళ్ళేవి? ఇంకొకరు తవ్వుకున్న కన్నంలో దూరుతుంది గానీ."

ఏవి ఎవరివో తేల్చాలని అక్క పట్టుబట్టింది. ఆమె చేసిన పద్ధతి తేలికైనదే. సాయంత్రం అన్ని కన్నాల్లోనూ తడిమట్టి కుక్కి కాలితో అదిమేది. పొద్దున్నే లేచి ఏవి తెరుచుకున్నాయో చూసేది. చేమ దగ్గరి కన్నాలు నున్నగా, గుండ్రంగా ఉండేవి. వాటి చుట్టూ శనగగింజలంత మట్టి ఉండలు పడి ఉండేవి. పుల్ల పెట్టి చూస్తే లోపల నీళ్ళు. అవి పీతలవి. వాటిని పట్టించుకోనక్కర్లేదంది. తూము పక్కన ఉన్నది తవ్విన కన్నం కాదు, ఇటుక ఊడిన సందు. అందులో చుంచెలుక ఉండేది. చీకటి పడే వేళ గోడ వారన కిచకిచమంటూ పరిగెత్తేది. వాసనొస్తుందని నేను చీపురు తీస్తే అక్క ఆపేది. "అది పురుగుల్ని తినేదే. మన దుంపల జోలికి రాదు."

మిగిలినవి కంద మడిలోవి, గోడ మొదట్లోవి. ఎన్నిసార్లు మూసినా తెల్లారేసరికి తెరుచుకునేవి. బయట జల్లెడ పట్టినట్టు మెత్తటి మట్టి గుట్టగా ఉండేది. ఒక్కోసారి కన్నానికి లోపలినుంచే మట్టి అడ్డం పెట్టి ఉండేది. అక్క నీళ్ళపొయ్యిలో బూడిద తెచ్చి ఆ నోటి ముందు పల్చగా చల్లింది. పొద్దున చూస్తే పెద్ద పాదాల గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత.

"పందికొక్కు" అంది. "చేలో గట్లన్నీ నీటిలో మునిగాయి. అక్కడ ఉండలేక ఇటొచ్చాయి."

"మందు తెస్తాను. నూకల్లో కలిపి పెడదాం" అన్నాను.

"వద్దు. పిన్నిగారి కోళ్ళు గోడ దిగి వస్తాయి. మందు తిన్న కొక్కుని పిల్లి తింటే అదీ పోతుంది."

"ఎలకల బుట్టలు పెట్టిద్దాం అయితే."

"నీళ్ళు తగ్గితే అవే చేలోకి పోతాయే. సగం కంద తింటే తిననీ. మనిద్దరికి ఎంత కావాలి?"

నేను వాదించాను. ఆమె వినలేదు. మా ఇద్దరి మధ్యా వాదన ఎప్పుడూ అలాగే ముగిసేది. ఆమె చిన్నగా నవ్వేది, నేను ఊరుకునేదాన్ని.

తర్వాత వానలు పట్టుకున్నాయి. పెరట్లో మడమల దాకా నీళ్ళు నిలిచాయి. అక్క ఆ నీళ్ళలోనే తిరుగుతూ కన్నాలు మూసేది. కంద దగ్గర చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి, మిగిలిన దుంప ముక్కలు బయటికి తీసేది. ఆమె మడమలు ఎప్పుడూ పగిలి ఉంటాయి. ఆ వానల్లో పగుళ్ళు ఇంకా లోతై, ఎర్రగా కనిపించేవి. కొబ్బరినూనె రాసుకుని పడుకునేది. పొద్దున మళ్ళీ బురదలోకి దిగేది.

వాన తెరిపిచ్చాక అక్కకి జ్వరం వచ్చింది. ముసురు పడితే ఊరంతా జ్వరాలే కాబట్టి మేము పెద్దగా ఆలోచించలేదు. వీధి చివరి డాక్టరుగారు మందులిచ్చారు. జ్వరం కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగింది. అక్క పిక్కలు పట్టుకుని మూలిగేది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేది. నొప్పి అని జీవితంలో ఎప్పుడూ నోరు తెరిచి చెప్పని మనిషి, "ఎవరో కర్రతో కొట్టినట్టుందే" అంది. కళ్ళు ఎర్రబడితే కళ్ళకలక అనుకున్నాను. మర్నాడు ముఖం కడిగిస్తుంటే ఆ ఎరుపు చుట్టూ పసుపు రంగు కనిపించింది. పొద్దున్నుంచీ బాత్రూముకి వెళ్ళలేదని అప్పుడే చెప్పింది.

డాక్టరుగారు చూసి, "ఇక్కడ వద్దండి, రాజమండ్రి తీసుకెళ్ళిపోండి" అన్నారు.

కారు వెనక సీట్లో ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కొవ్వూరు దాటి వంతెన ఎక్కాక అక్క కళ్ళు మూసుకునే అడిగింది.

"గోదారొచ్చిందా?"

"వచ్చింది."

"ఎలా ఉంది?"

"ఎర్రనీరు. నిండుగా పారుతోంది."

తల ఊపింది. వంతెన దాటేదాకా నేను ఆమె నుదుటి మీద చెయ్యి తియ్యలేదు. ఒళ్ళు కాలిపోతోంది.

ఆసుపత్రిలో ఉన్న డాక్టరు చిన్న వయసు అమ్మాయి. అక్కని పరీక్ష చేస్తూనే నన్ను ప్రశ్నలడిగింది.

"పొలం పనికి వెళ్తారా అండి?"

"లేదండి. టీచరు. రిటైరయ్యారు."

"ఇంట్లో ఎలుకలు, పందికొక్కులు ఏమైనా తిరుగుతున్నాయా?"

"పెరట్లో ఉన్నాయండి."

"ఆ నీళ్ళల్లో, మట్టిలో తిరిగారా?"

నేను దుప్పటి తొలగించి అక్క పాదాలు చూపించాను. ఆ అమ్మాయి వంగి మడమ పగుళ్ళు చూసింది. లైటు దగ్గరికి తెప్పించుకుని మళ్ళీ చూసింది.

"ఎలుక జ్వరం అయ్యుండొచ్చండి. వాటి మూత్రం తడిమట్టిలో, నిలవ నీళ్ళలో కలుస్తుంది. ఇలాంటి పగులు ఉంటే చాలు, ఒంట్లోకి వెళ్ళిపోతుంది. పరీక్షకి పంపుతాను గానీ రిపోర్టు వచ్చేదాకా ఆగను. మందు ఇప్పుడే మొదలెడతాను. కిడ్నీలు దెబ్బతిన్నట్టున్నాయి. డయాలసిస్ చెయ్యాల్సి రావచ్చు. మీరు ధైర్యంగా ఉండండి."

డయాలసిస్ చెయ్యాల్సే వచ్చింది, ఒక్కసారితో అయిపోలేదు కూడా. నన్ను ఎక్కువసేపు లోపల ఉండనిచ్చేవారు కాదు. బయట వరండాలో ఇనప బెంచీ మీద కూర్చునేదాన్ని. నా పక్కన భర్తల కోసం, కొడుకుల కోసం ఎదురుచూసేవాళ్ళు ఉండేవారు. అక్కడ కూర్చున్నంతసేపూ నాకు కోపమే. మొదట ఆ పందికొక్కుల మీద. మేము నీళ్ళు పోసి పెంచుకున్న దుంపలు తిని, మా నేల తొలిచి, చివరికి మా అక్క మీదికి వచ్చాయి. తర్వాత కోపం అక్క మీదికి మళ్ళింది. వద్దన్నాను కదా. బుట్టలు పెట్టిద్దామన్నాను కదా. జీవితమంతా వచ్చినవాళ్ళందరికీ చోటిస్తూ పోయావు, ఇప్పుడు నేనేం చెయ్యాలి? అమ్మ పోయినప్పుడు నాకు ఏమీ తెలియదు. ఇప్పుడు అన్నీ తెలుస్తున్నాయి. ఆ తెలియడాన్ని నేను భరించలేకపోయాను.

మా గుడి పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆయనతో పాటు కళ్ళు మూసుకున్నాను. నా అంతట నేను చేద్దామంటే మాటలు దొరికేవి కాదు. ఆయన చెప్పినదానికి ఆమెన్ అన్నాను.

ఒక మధ్యాహ్నం నన్ను లోపలికి పంపారు. అక్క నన్ను గుర్తుపట్టలేదు. కళ్ళు తెరిచి పైకప్పుకేసి చూస్తూ, "దీపాలు ఆర్పండమ్మా. ప్రార్థన అయిపోయింది కదా, పడుకోండి" అంటోంది. హాస్టలు పిల్లలతో మాట్లాడుతోందని అర్థమైంది. "అలాగేనండి టీచరుగారూ" అన్నాను. ఆమె ఊపిరి నెమ్మదించింది.

కొన్నాళ్ళకి ఒక నర్సు వరండాలోకి వచ్చి నన్ను వెతుక్కుంటూ, "అమ్మగారికి యూరిన్ వస్తోందండి. బానే వస్తోంది" అని చెప్పింది. పక్కన ఎంతమంది ఉన్నారన్నది కూడా చూడకుండా ఏడ్చేశాను. అంతకు ముందు ఏ మంచి వార్తకీ నేను అలా ఏడవలేదు.

తెలివి బాగా వచ్చాక అక్కకి సంగతి చెప్పాను.

"మన దొడ్లో మట్టి వల్లా?"

"మన దొడ్లో మట్టి వల్లే."

"నేను చేతులు పెట్టాను అందులో" అంది. తన చేతుల్ని దుప్పటి మీద పెట్టుకుని చూసుకుంది. సూదులు గుచ్చిన చోట నల్లగా కమిలి ఉన్నాయి. "ఆ కొక్కుల్ని తీయించెయ్యి" అంది.

నేను అప్పటికే ఎలుకలు పట్టే మనిషికి కబురు పంపానని చెప్పాను.

"నేను ఇంటికొచ్చేదాకా ఆగు. నేను ఉండగానే చెయ్యాలి."

"నువ్వెందుకే? నీకు లేవడానికే ఓపిక లేదు."

"నేనుండాలి" అంది.

ఇంటికి వచ్చేసరికి అక్క సగమైపోయింది. మంచం మీంచి గుమ్మం దాకా నడవడానికి నా భుజం పట్టుకునేది. కిడ్నీలు కోలుకున్నాయని డాక్టరు చెప్పింది గానీ కాళ్ళలో బలం చాలా నెలల దాకా రాలేదు. కాస్త కూర్చోగలిగాక ఎలుకలు పట్టే ఆయన్ని రమ్మన్నాను. ఆయనా భార్యా కలిసి వచ్చారు. కోతల ముందు చేలల్లో వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టడం వాళ్ళ పని. నేను ఇద్దరికీ రబ్బరు బూట్లు, చేతి తొడుగులు తెచ్చిపెట్టాను. ఆయన వాటిని చూసి మొహమాటపడ్డాడు.

"మాకు అలవాటేనండి."

"వేసుకోండి బాబూ" అంది అక్క. "నాకూ అలవాటే ఇన్నాళ్ళూ."

వాళ్ళు వేసుకున్నారు. అక్కని ప్లాస్టిక్ కుర్చీలో శాలువా కప్పి, గుమ్మం మెట్టు మీద కూర్చోబెట్టాను. ఆయన పెరడంతా చూసి రెండు కలుగులన్నాడు. అక్క మూడన్నది. గోడ మొదట్లోది వేరే దారని, అది జామచెట్టు వేళ్ళ కిందికి పోతుందని చెయ్యి చాచి చూపించింది. తవ్వితే మూడే ఉన్నాయి.

మిగతా నోళ్ళన్నీ మూసి, ఒక దాని దగ్గర కుండలో గడ్డి అంటించి పొగ ఊదాడాయన. ఆవిడ రెండో వైపు కర్ర పట్టుకుని నిలబడింది. పొగ జామచెట్టు దగ్గర నేలలోంచి సన్నగా లేచింది. తర్వాత అవి బయటికి వచ్చాయి. అంత పెద్దవని నేను అనుకోలేదు. ముళ్ళలా నిక్కిన వెంట్రుకలతో, గుర్రుమంటూ మీదికి వచ్చాయి. ఆవిడ దెబ్బ తప్పలేదు. ప్రతి దెబ్బకీ నేను ముఖం తిప్పుకున్నాను. ఆసుపత్రి బెంచీ మీద ఇదే కోరుకున్నాను. ఇప్పుడు జరుగుతుంటే నాకు తృప్తేమీ కలగలేదు. అక్క మాత్రం తల తిప్పలేదు. ఒడిలో చేతులు పెట్టుకుని చివరిదాకా చూసింది.

తర్వాత పార పెట్టి కలుగు తవ్వారు. ఒక గదిలో వరికంకులు, కంద ముక్కలు పేర్చి ఉన్నాయి. ఇంకా లోపల ఎండుటాకులు, చీల్చిన గుడ్డపేలికలు మెత్తగా పరిచిన గూడు. అందులో కళ్ళు తెరవని పిల్లలు. గులాబీరంగులో, వేలంత. ఒకదాని మీద ఒకటి పడి కదులుతున్నాయి.

ఆయన పార ఆపి అక్క వైపు చూశాడు.

"పిల్లలున్నాయండి. ఏం చెయ్యమంటారు?"

నాకు వాటిని చేలో వదిలేయమందామని ఒక్క క్షణం అనిపించింది. తల్లి లేకుండా అక్కడ ఎలా బతుకుతాయి?

అక్క నా చెయ్యి పట్టుకుని లేచింది. నెమ్మదిగా గుంత దాకా నడిచి, లోపలికి చూసింది. పక్కింటి పిన్నిగారు గోడ అవతల నిలబడి అయ్యో అని నోరు నొక్కుకుంది.

"తల్లిని కొట్టించాక వీటిని ఉంచడం ఇంకా పాపం" అంది అక్క. "ఆకలితో పోతాయి. త్వరగా కానిచ్చెయ్యండి బాబూ. బాధ లేకుండా."

ఆయన, "ఆయ్ అండి" అన్నాడు. ఆయన భార్య ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది అయిపోయింది. ఆయన అన్నిటినీ లోతుగా పూడ్చి, మట్టి మీద సున్నం చల్లాడు.

ఆ రోజు అక్క అన్నం సరిగా తినలేదు. నేను కంచం తీస్తుంటే చెప్పింది.

"నా బదులు నువ్వు చేయిస్తే నేను దయగలదాన్ని అనుకుంటూ కూర్చుందును. అందుకే ఉంటానన్నాను."

నేను ఆమె ఎదురుగా కూర్చుని, మజ్జిగన్నం కలిపి ఇంకో ముద్ద తినమన్నాను. తింది.

పెరడు మారింది. గోడ వారన గడ్డి కోయించాను. కొబ్బరి డొక్కల గుట్ట తీయించేశాను. తూము సందుకి సిమెంటు పెట్టించాను. చుంచు వేరే చోటు చూసుకుంది. మడులు ఇటుకలతో ఎత్తుగా కట్టించి, అడుగున ఇనప వల వేయించాను. కందకి ఇప్పుడు పెద్ద సిమెంటు సంచులే. కొక్కులు మళ్ళీ వచ్చాయి, చేల పక్కన ఉన్నాక రాకుండా ఎలా ఉంటాయి? కొత్తమట్టి కనబడగానే ఆ భార్యాభర్తలు వచ్చి బుట్టలు పెడతారు. బూట్లు మాత్రం మా పెరటి గుమ్మం దగ్గరే ఉంటాయి. అవి లేకుండా అక్క మెట్టు దిగదు, నన్నూ దిగనివ్వదు.

అక్కడితో అయిపోయేదే. కానీ మా గుడిలో స్త్రీల కూటం ఉన్న రోజున, కీర్తనలయ్యాక అక్క లేచి నిలబడింది. అప్పటికి చేతికర్రతో నడుస్తోంది. తనకి వచ్చిన జ్వరం గురించి చెప్పడం మొదలెట్టింది. పాఠం చెప్పినట్టే చెప్పింది. ఏ కన్నం దేనిదో ఎలా తెలుస్తుందో, మట్టిలో ఏముంటుందో, పిక్కల నొప్పి ఎలా ఉంటుందో. కూర్చున్నవాళ్ళలో సగానికి పైగా ఊడ్పులకి, కలుపులకి వెళ్ళేవాళ్ళే.

"కాళ్ళకి పుండ్లు, పగుళ్ళు ఉంటే నీళ్ళలోకి దిగకండమ్మా" అంది చివర.

తర్వాత వెనక వరసలోంచి ఒకామె, మా వీధి వెనక ఉండే ఆమె, నెమ్మదిగా అడిగింది.

"దిగకపోతే ఎలాగండి టీచరుగారూ? మా అందరి కాళ్ళూ అలాగే ఉంటాయి."

"బూట్లు వేసుకుంటే?"

"బూట్లతో ఊడ్పులెలాగండి? బురదలో కాలు పైకి రాదు."

ఆమె ఎదురు చెప్పాలని అనలేదు. ఉన్నమాట అంది. అక్క కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడిపోయింది. పాఠం మధ్యలో ఆమె ఆగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. అక్క ఆ నీళ్ళలో తిరిగింది కొన్ని వారాలు. వీళ్ళు ఏటా, రెండు పంటలకీ తిరుగుతారు.

"నిజమేనమ్మా" అంది. "నేను ఆలోచించకుండా అన్నాను. అయితే ఇది గుర్తుపెట్టుకోండి. పనయ్యాక సబ్బుతో కాళ్ళు కడుక్కోండి. పుండుంటే ప్లాస్టరేసి కట్టుకోండి. జ్వరమొచ్చి, పిక్కలు లాగి, కళ్ళు ఎర్రబడితే మాత్రం ఆగకండి. నీళ్ళలో దిగాను అని డాక్టరుకి మీరే చెప్పండి. అడగరేమో, మీరే చెప్పండి. వెళ్ళడానికి తోడు లేకపోతే మా ఇంటికి రండి."

రెండో పంట దాళ్వా ఊడ్పులప్పుడు, ఒక పొద్దున మా గుమ్మం ముందు ఆ వెనక వరసలో అడిగిన ఆమే నిలబడి ఉంది. గోడ పట్టుకుని నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రమ్మన్నారు కదండి" అంది.

అక్క అప్పుడు కాఫీ తాగుతోంది. గ్లాసు అలాగే పెట్టేసి, చెప్పులు వేసుకుంది. నేను ఆటో పిలిచాను. ఆఫీసుకి ఫోన్ చేసి రానని చెప్పి నేనూ ఎక్కాను. దారంతా ఆమె అక్క భుజం మీద వాలి మూలుగుతూనే ఉంది. ప్రభుత్వాసుపత్రిలో చీటీ రాసే చోట చాలామంది ఉన్నారు. అక్క కర్ర ఊనుకుంటూ నేరుగా డాక్టరు గదిలోకి వెళ్ళి, "ఈ అమ్మాయి ఊడ్పుల నీళ్ళలో దిగిన మనిషండి. పిక్కలు నొప్పంటోంది. ఎలుక జ్వరమేమో చూడండి" అని చెప్పింది. ఆయన తలెత్తి అక్కని ఒకసారి చూసి, ఆమెని లోపలికి రమ్మన్నాడు.

కళ్ళు పసుపెక్కకముందే మందు పడింది. డయాలసిస్ దాకా పోలేదు. కొన్నాళ్ళు అక్కడే ఉంచి పంపేశారు. ఆ రోజుల్లో అక్క రోజూ క్యారేజీ కట్టించి ఆటోలో వెళ్ళేది. వద్దంటే వినేది కాదు. ఈసారి నేను వాదించలేదు.

జ్వరం నుంచి లేచిన ఆమె ఇంకొన్నాళ్ళు ఇంట్లోనే విశ్రాంతి తీసుకుంటుందనుకున్నాం. ఒక సెలవురోజు నేను మేడ మీద బట్టలు ఆరేస్తుంటే, అక్క కూడా రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి వచ్చింది. గోడవతల చేలో కలుపు తీస్తున్నారు. వరసలో ఆమె ఉంది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, నీళ్ళలో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి నడుం ఎత్తింది.

"బాగున్నానండి టీచరుగారూ" అని కేకేసింది.

"కాలికేం కట్టుకున్నావమ్మా?"

ఆమె ఒక కాలు నీళ్ళలోంచి పైకెత్తి చూపించింది. మడమకి గుడ్డ, దానిపైన ప్లాస్టిక్ కవరు, చుట్టూ తాడు. తర్వాత కాలు దించి మళ్ళీ వంగింది. వరస ముందుకి కదిలింది.

అక్క ఎండలో అలాగే నిలబడింది. లోపలికి రమ్మంటే, "ఆ గట్టు దాకా వెళ్ళనీ" అంది. వాళ్ళు ఆ చివరి గట్టు ఎక్కి, కాళ్ళు కడుక్కోవడానికి బోదె కాలువ వైపు వెళ్ళేదాకా చూసి, అప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి కిందికి దిగింది.